1977లో పడిన బొమ్మే మళ్లీ పడాలి

పాత సినిమా మొదటి విడుదలలో ఎలా పడిందో అలాగే చూపించండి అని ఎవరైనా అడిగితే, "అదంతా నాస్టాల్జియా, చిన్నప్పటి మోజు" అని తేల్చేస్తారు. అమెరికా అంతరిక్ష కథ స్టార్ వార్స్ మొదటి మూడు సినిమాల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. నాకు దీనిమీద గట్టి అభ్యంతరం ఉంది. మొదటి విడుదల ఎవరి తలలోనో ఉండే ఊహ కాదు. ఫలానా ల్యాబ్‌లో, ఫలానా తేదీకి, ఇన్ని వేల అడుగుల ఫిల్మ్ మీద అచ్చయి, డబ్బాల్లో సర్దుకుని థియేటర్‌కి చేరిన వస్తువు అది. దాన్ని కొలవొచ్చు, తర్వాతి వాటితో పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. దర్శకుడు తన సినిమాను ఎన్నిసార్లయినా మార్చుకోనీయండి. జనం టికెట్టు కొని చూసిన మొదటి రూపాన్ని కనపడకుండా చేసే హక్కు మాత్రం ఆయనకీ లేదు, ఆ సినిమాను కొనుక్కున్న కంపెనీకీ లేదు.

హైదరాబాద్‌లో ఉండి అమెరికా సినిమా గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, పాత తెలుగు సినిమాలు '4కె' ముద్రతో వరసగా మళ్లీ విడుదలవుతున్న ఊరు ఇది. అక్కడ ఆ మూడు సినిమాలకు జరిగింది ఇక్కడ మన సినిమాలకూ జరగొచ్చు. తేడా ఒక్కటే. అక్కడివాళ్లు షాట్‌షాట్‌కీ లెక్క రాసి పెట్టుకున్నారు. మనం రాసుకోవడం లేదు.

1977 మే 25న అమెరికాలో విడుదలైన సినిమా పేరు ఉత్త 'స్టార్ వార్స్'. తెర మీద పైకి పాకే అక్షరాల్లో 'ఎపిసోడ్ 4, ఎ న్యూ హోప్' అన్న మాటలు అప్పుడు లేవు. అవి 1981 రీ-రిలీజ్‌లో వచ్చి చేరాయి. మొదటి ఆటలోనే ఆ మాటలు చూశామని ఒట్టేసి చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, వాళ్లెవరూ అబద్ధమాడటం లేదు. తర్వాత క్యాసెట్లలో చూసింది ముందు చూసినదాని మీద పేరుకుపోయింది. అందుకే ఈ వ్యవహారాన్ని జ్ఞాపకాలకు వదిలేయకూడదంటాను. సాక్ష్యం ప్రింటే చెప్పాలి.

రెండో సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' 1980 మే 21న, మూడోది 'రిటర్న్ ఆఫ్ ది జెడై' 1983 మే 25న వచ్చాయి. 1997లో వీటి సృష్టికర్త జార్జ్ లూకస్ మూడింటికీ 'స్పెషల్ ఎడిషన్' చేసి జనవరి 31, ఫిబ్రవరి 21, మార్చి 14 తేదీల్లో వరసగా విడుదల చేశారు. అక్కడితో ఆగలేదు. 2004 డీవీడీకి కొన్ని మార్పులు, 2011 బ్లూరేకి మరికొన్ని, 2019లో ఓటీటీకి ఇంకొన్ని. క్యాంటీన్‌లో దొంగసరుకు రవాణా చేసే హాన్ సోలో, అతన్ని పట్టుకోవడానికి వచ్చిన గ్రీడో ఎదురెదురుగా కూర్చున్న సన్నివేశం ఒక్కటి తీసుకోండి. 1977లో కాల్చింది హాన్ ఒక్కడే. 1997లో ముందు గ్రీడో కాల్చి గురి తప్పాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. 2019లో కాల్పులకు ముందు గ్రీడో నోట కొత్త మాట ఒకటి పలికించారు. మొదటి రీళ్లలో హాన్ తన ప్రాణం తప్ప ఇంకేదీ పట్టని మనిషి. చివర్లో అతను వెనక్కి తిరిగొచ్చి కథానాయకుడు ల్యూక్‌కి సాయపడితే థియేటర్ అదిరిపోవడానికి కారణం అదే. ఎదుటివాడు ముందు కాల్చాడు కాబట్టి తప్పక కాల్చాడని మార్చేశాక, ఆ తిరిగిరావడంలో సగం బలం పోయింది. కాలాన్ని బట్టి చేసిన మెరుగు అని దీన్ని ఎలా అంటాం? కథ వెన్నులో చేసిన మార్పు ఇది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మొదటి సినిమాలో గ్యాంగు నాయకుడు జబ్బా సన్నివేశం చొప్పించారు, మాస్ ఐస్లీ అనే ఊరి వీధుల్లో కంప్యూటర్ జంతువులను దింపారు, శత్రువుల అంతరిక్ష స్థావరం డెత్ స్టార్ పేలుడుకి చుట్టూ ఒక వలయం తగిలించారు. రెండోదాంట్లో చక్రవర్తి కనపడే సన్నివేశాన్ని 2004లో వేరే నటుడితో మళ్లీ తీసి పెట్టారు. మూడోదాంట్లో జబ్బా కొలువులో పాట మారింది, ముగింపు పాట మారింది, చివర ఆత్మగా కనపడే సెబాస్టియన్ షా స్థానంలోకి హేడెన్ క్రిస్టెన్సెన్ వచ్చాడు. ఒక నటుడు చేసిన పనిని తీసేసి ఆ చోట ఇంకొకరిని నిలబెట్టారన్నమాట. దాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

"సృష్టికర్త ఆయన, ఆయన ఇష్టం" అనే వాదన ఇక్కడే వస్తుంది. దానికి బలం ఉంది. కానీ 1977 సినిమా ఒక్క మనిషి చేతిపని కాదు. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నవాళ్లు జాన్ స్టియర్స్, జాన్ డైక్‌స్ట్రా, రిచర్డ్ ఎడ్లండ్, గ్రాంట్ మెక్‌క్యూన్, రాబర్ట్ బ్లలాక్. ఎడిటింగ్ ఆస్కార్ పాల్ హిర్ష్, మార్సియా లూకస్, రిచర్డ్ చూలది. వాళ్లకు అవార్డు తెచ్చిన షాట్లనూ, కత్తిరింపులనూ వాళ్లు చేసినట్టుగా ఈరోజు అధికారికంగా మంచి నాణ్యతలో చూసే దారి లేదు. పైగా, 1988లో ఇదే లూకస్ అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి, పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులేయడం లాంటి మార్పులకు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడారు. కళాఖండాలను డబ్బు కోసం మార్చేవాళ్లు, నాశనం చేసేవాళ్లు అనాగరికులని ఆయన వాదన. ఆ రోజు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆ లూకస్ పక్షాన ఉన్నాను.

1997లో మార్పులు కాపీ మీద కాకుండా అసలు నెగెటివ్ మీదే జరిగాయన్నది చాలామందికి తెలియని సంగతి. ఇరవయ్యేళ్లలోనే ఆ నెగెటివ్ బాగా దెబ్బతింది. అందులో కొంత భాగం సీఆర్ఐ అనే రకం ఫిల్మ్ మీద ఉంది, దాని రంగులు దారుణంగా వెలిసిపోయాయి. కడిగి, బాగుచేసి, ఆ పనిలోనే కొత్త షాట్లను అందులో అతికించారు. దాంతో అసలు నెగెటివ్ స్పెషల్ ఎడిషన్ రూపంలోకి మారిపోయింది. 2006లో మొదటి రూపాలను డీవీడీలో బోనస్ డిస్క్‌గా ఇచ్చారు కానీ అవి 1993 లేజర్‌డిస్క్ కోసం చేసిన మాస్టర్లు. పైగా వెడల్పు టీవీకి సరిపడేలా కూడా చేయలేదు. లెక్క వేయండి: అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ డీవీడీలో 480 గీతలు, అందులో ఎత్తుకి 2.35 రెట్ల వెడల్పున్న బొమ్మను పైనా కిందా నల్లపట్టీలతో 4:3 చట్రంలో పెడితే బొమ్మకు మిగిలేది సుమారు 272 గీతలు. 55 అంగుళాల టీవీలో దాన్ని పెట్టి చూస్తే నక్షత్రాలు మసకమరకలే. అధికారికంగా అమ్మిన ఆఖరి 'మొదటి విడుదల' అదే.

ఇక అభిమానుల పని. హార్మీ అనే పేరుతో ఒక యువకుడు 2011 నుంచి బ్లూరేను పునాదిగా పెట్టుకుని, పాత షాట్లను దొరికిన చోటల్లా ఏరి అతికించి 'డీస్పెషలైజ్డ్' రూపం తయారుచేశాడు. తర్వాత ఇంకో బృందం ఏకంగా 1977 నాటి 35 ఎంఎం టెక్నికలర్ ప్రింటును స్కాన్ చేసి 4కె77 తెచ్చింది. చట్టం దృష్టిలో ఇవి అనుమతి లేని కాపీలే, ఆ మాట దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ సాంకేతికంగా వాళ్లు చేసిన పని తెలిస్తే మొదటి విడుదల అంటే ఏమిటో చేత్తో తాకినట్టు అర్థమవుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. అంటే నిమిషానికి 90 అడుగులు. 121 నిమిషాల సినిమా సుమారు 10,900 అడుగులు, 1,74,240 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును 4096 బై 3112 చొప్పున 10 బిట్ డీపీఎక్స్ ఫైలుగా స్కాన్ చేస్తే ఫైలు 51 మెగాబైట్లు. మొత్తం దాదాపు 9 టెరాబైట్లు, అదీ ఒక్క ప్రింటుకి. ఒక్క ప్రింటు ఎప్పుడూ చాలదు. ఆడిన ప్రింటులో ప్రతి రీలు మొదట్లో, చివర్లో ఫిల్మ్ తెగుతుంది, ఆపరేటర్ అతికిస్తాడు, అతికించిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. పోయిన వాటిని రెండో ప్రింటు నుంచి తేవాలి. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పప్పులో కాలేస్తారు. 35 ఎంఎం ప్రింటులో సౌండ్ ట్రాక్ బొమ్మ కంటే 21 ఫ్రేములు ముందుకి అచ్చవుతుంది. అతుకు దగ్గర బొమ్మ ఎగిరాక దాదాపు సెకను తర్వాత శబ్దం ఎగురుతుంది. బొమ్మను నింపి శబ్దాన్ని వదిలేస్తే ఆ రీలంతా పెదాలకూ మాటకూ పొంతన ఉండదు.

గీతలను చూస్తే ప్రింటు బతుకంతా తెలుస్తుంది. ఫిల్మ్ వెనకవైపు, అంటే బేస్ మీద పడ్డ గీత తెర మీద నల్లగా కనపడుతుంది, ఎందుకంటే అక్కడ వెలుగు చెదిరిపోతుంది. స్కానర్ గేటులో పర్‌క్లోరోఇథిలీన్ ద్రవం పారిస్తే అది గీతలో నిండి వెలుగును నేరుగా పోనిస్తుంది, గీత మాయమవుతుంది. వెట్ గేట్ అంటే అదే. ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ ఉండే రంగు పొరల వైపు గీత వేరు. ఈస్ట్‌మన్ కలర్ ప్రింటులో పైపొర మెజెంటా రంగుది, దాని కింద సయాన్, అట్టడుగున పసుపు. పైపొర ఒక్కటే గీసుకుపోతే ఆకుపచ్చ గీత కనపడుతుంది. రెండో పొర కూడా పోతే పసుపు గీత. మూడూ పోతే తెల్ల గీత. తెల్ల గీత దగ్గర అచ్చయిన బొమ్మ ఇక లేదు. ఏ ద్రవమూ దాన్ని తేలేదు, పక్క ఫ్రేము నుంచో ఇంకో ప్రింటు నుంచో అరువు తెచ్చుకోవాల్సిందే.

దుమ్ములోనూ రెండు రకాలుంటాయి. ప్రింటు మీద ఉన్న దుమ్ము వెలుగును ఆపుతుంది కాబట్టి నల్లచుక్క. నెగెటివ్ మీద ఉండి ప్రింటులోకి అచ్చయిన దుమ్ము తెల్లచుక్క. ఇప్పుడు ఈ సినిమాలో తెల్లచుక్కలు ఇంకేం ఉన్నాయో ఆలోచించండి. నక్షత్రాలు! దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్‌ను కాస్త గట్టిగా తిప్పితే ఓడ వెనక కదులుతున్న నక్షత్రాలను కూడా దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. అంతరిక్షపు షాట్లను ఆటోమేటిక్ పద్ధతికి వదలకుండా మనిషి కూర్చుని చూడాలనేది అందుకే. ఫ్రేముకి ఒక్క నిమిషం పెట్టినా మొత్తం సినిమాకి 2,904 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున దాదాపు ఏడాది, సెలవు లేకుండా.

నా ఉద్దేశంలో ఏది తీయాలో ఏది ఉంచాలో నిర్ణయించే సూత్రం తేలికైనదే. ఆ ప్రింటు ఆడి ఆడి సంపాదించుకున్న గీతలూ మురికీ తీసేయాలి, అవి మొదటి ఆటలో లేవు. నెగెటివ్ నుంచే అచ్చయి వచ్చినవి ఉంచాలి, వాటిని మొదటి ఆటకు వచ్చినవాళ్లు చూశారు. ఆప్టికల్ పని జాడలు కూడా ఈ రెండో కోవలోకే వస్తాయి. ఓడల నమూనాలను నీలి తెర ముందు తీసి, ఒక్కో పొరనూ ఆప్టికల్ ప్రింటర్‌లో మళ్లీ మళ్లీ తీస్తూ ఒకే ఫ్రేములో కలిపారు. అలా తీసిన కొద్దీ బొమ్మ మొరటుగా మారుతుంది కాబట్టి ఎఫెక్ట్స్ షాట్లకు పెద్ద ఫ్రేము ఉండే విస్టావిజన్ కెమెరాలు వాడారు. నమూనా చుట్టూ ఉన్న లైట్లూ స్టాండ్లూ కనపడకుండా కప్పే ముసుగును గార్బేజ్ మ్యాట్ అంటారు. క్యాసెట్లలో శత్రు ఓడల చుట్టూ లేత నలుపు డబ్బాలు కొట్టొచ్చినట్టు కనపడేవి ఇవే. "పాత పని నాసిరకం, అందుకే సరిచేశారు" అనేవాళ్లు చూపించే మొదటి ఉదాహరణ కూడా ఇదే. కానీ ప్రింటును ప్రొజెక్టర్‌లో వేసి చూస్తే ఆ డబ్బాలు చాలావరకు కనపడవు. ప్రింటులో నలుపు చిక్కగా ఉంటుంది, ముసుగు నలుపూ ఆకాశం నలుపూ అందులో కలిసిపోతాయి. వీడియోకి ఎక్కించేటప్పుడు చీకటి భాగాలను పైకి లేపారు, డబ్బాలు బయటపడ్డాయి. అంటే 1977 కళాకారుల మీద వేసిన నింద నిజానికి తర్వాతి వీడియో బదిలీది. ప్రింటు లేకపోతే ఈ నిజం తేలేదే కాదు.

రంగుల సంగతికి వస్తే, అప్పటి ఈస్ట్‌మన్ ప్రింట్లలో సయాన్ అద్దకం ముందు వెలిసిపోతుంది, పసుపు కూడా తగ్గుతుంది, చివరికి సినిమా మొత్తం గులాబీరంగు అవుతుంది. టెక్నికలర్ ఐబీ పద్ధతి వేరు. కలంకారీ అద్దకంలో ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వాడినట్టు, మూడు రంగులనూ మూడు మాతృకల నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ ఫిల్మ్ మీద అద్దుతారు. ఆ రంగులు దశాబ్దాలైనా నిలుస్తాయి. హాలీవుడ్‌లో ఆ యంత్రాలు 1970ల నడుమే ఆగిపోయినా లండన్‌లో ఇంకొంతకాలం నడిచాయి, కాబట్టి 1977 స్టార్ వార్స్‌కి బ్రిటన్‌లో ఐబీ ప్రింట్లు పడ్డాయి. 2025 జూన్ 12న బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లండన్‌లో తన ఫిల్మ్ ఉత్సవాన్ని అలాంటి ఒక ప్రింటుతోనే మొదలుపెట్టింది. చల్లటి గదిలో నలభై ఏళ్లు దాచినందుకు దక్కిన ఫలం అది.

నా వాదనకు చిక్కు తెచ్చే సంగతి ఒకటుంది, దాన్ని దాటేసి పోకూడదు. 'మొదటి విడుదల' ఒక్కటి కాదు. 1977లోనే ఈ సినిమాకి మూడు సౌండ్ మిక్సులు ఉన్నాయి: 70 ఎంఎం ప్రింట్లకు ఆరు ట్రాకులది, 35 ఎంఎంకి డాల్బీ స్టీరియో, మామూలు హాళ్లకు మోనో. మోనోలో ల్యూక్ పిన్ని గొంతు వేరు, కొన్ని డైలాగులు అదనం. 1980 సినిమాకి ముందు వచ్చిన 70 ఎంఎం ప్రింట్లలో చివర్లో కొన్ని షాట్లు లేవు, 35 ఎంఎం విడుదలకి చేర్చారు. అయితే ఏమిటి? మూడూ భద్రపరచాలి, ఏది ఏదో పేరు పెట్టి చెప్పాలి. "ఏది అసలుదో తేలదు కాబట్టి ఏదీ ఇవ్వం" అనడం తర్కం కాదు.

హక్కుల సాకు కూడా చాలాకాలం నడిచింది. 2012లో డిస్నీ లూకస్‌ఫిల్మ్‌ను కొన్నా మొదటి సినిమా పంపిణీ హక్కు ఫాక్స్ దగ్గర ఉండేది. 2019లో ఫాక్స్‌నే డిస్నీ కొనేసింది, అక్కడితో ఆ సాకు తీరిపోయింది. ఇప్పుడు 1977 థియేటర్ రూపాన్ని బాగుచేసి, యాభై ఏళ్ల సందర్భంగా 2027 ఫిబ్రవరి 19 నుంచి కొద్దికాలం ఆడిస్తామని ప్రకటించారు. మంచిదే. మన ఊళ్లో పడితే వెళ్లండి, కళ్లు పెట్టి చూడండి. మొదట పాకే అక్షరాల్లో ఎపిసోడ్ సంఖ్య ఉండకూడదు. క్యాంటీన్‌లో హాన్ ఒక్కడే కాల్చాలి. ఓడ దగ్గర జబ్బా కనపడకూడదు. డెత్ స్టార్ పేలినప్పుడు వలయం రాకూడదు. ఈ నాలుగూ సరిపోయాక అసలు పరీక్ష గ్రెయిన్‌ది, అంటే ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నని రేణువులది. ముఖాలు మైనంలా నున్నగా ఉంటే షాట్లు పాతవైనా బొమ్మ పాతది కాదు.

ఇక మన సంగతి. రంగులేయడం అనేదానికి హైదరాబాద్‌కి సొంత చరిత్ర ఉంది. 1957 మార్చి 27న వచ్చిన 'మాయాబజార్'ను ఇక్కడి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి, సినిమాస్కోప్‌లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. ఆ రంగుల వెనక చాలామంది శ్రమ ఉంది, కొత్త తరాన్ని థియేటర్‌కి రప్పించింది కూడా. కానీ 1.37 చట్రాన్ని సాగదీయకుండా 2.35గా మార్చాలంటే పైనా కిందా కలిపి 42 శాతం బొమ్మ పోవాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చట్రంలో పైనుంచి కింది దాకా ప్రతి అంగుళానికీ పని ఉంటుంది. నా మటుకు ఆ నలుపు తెలుపే మాయాబజార్. అయినా ఆ రంగుల రూపం మీద నాకు కోపం లేదు. ఎందుకంటే నలుపు తెలుపు మాయాబజార్‌ను ఎవరూ దాచేయలేదు. టీవీలో వస్తుంది, నెట్‌లో ఉంది, ఏది కావాలో చూసేవాళ్ల ఇష్టం. కొన్ని వందల కోట్ల డాలర్ల కంపెనీ ఇన్నేళ్లు చేయని పని తెలుగు సినిమాకి సహజంగా జరిగిపోయింది. నేను అడిగేది సరిగ్గా ఇదే. కొత్తది చేయండి, పాతదాన్ని పక్కనే ఉంచండి.

ఇదే పద్ధతి కొనసాగుతుందన్న నమ్మకం మాత్రం లేదు. 2013 హిందీ సినిమా 'రాంఝణా' తమిళ రూపాన్ని 2025 ఆగస్టు 1న ఏఐతో ముగింపు మార్చి మళ్లీ విడుదల చేశారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ బహిరంగంగా అభ్యంతరం చెప్పినా అది ఆడింది. స్టార్ వార్స్‌లో మార్చింది కనీసం దాని సృష్టికర్త. ఇక్కడ దర్శకుడు వద్దంటున్నా మార్చారు. రేపు తెలుగులో హీరో చనిపోయే ముగింపులన్నిటికీ ఇదే గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో థియేటర్ల పేర్లలో ఇంకా '35 ఎంఎం', '70 ఎంఎం' అని ఉంది, లోపల పడేది మాత్రం డిజిటల్ ఫైలు. ఆ ఫైలు ఎక్కణ్నుంచి వచ్చిందన్నది పోస్టర్ చెప్పదు. '4కె' అన్న ముద్ర తుది ఫైలు సైజు గురించే, మూలం గురించి కాదు. నెగెటివ్‌ను స్కాన్ చేసినా 4కెనే, పాత టీవీ టేపును సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినా 4కెనే. తేడా పట్టుకోవడం కష్టం కాదు. నాయిక జడలో మల్లెపూలు విడివిడిగా కనపడుతున్నాయా, తెల్లటి ముద్దగా ఉన్నాయా చూడండి. పట్టుచీర జరీ అంచు కెమెరా కదిలినప్పుడు పాకుతున్నట్టు మెరిస్తే మూలం టేపే. వెనక గోడ మీద ఉన్న తెలుగు బోర్డు ఇంకా తేలికైన పరీక్ష: ఏఐ సాగదీసినచోట అక్షరాలు తలకట్టు ఎక్కడో, కొమ్ము ఎక్కడో పోయి, ఏ భాషా కాని గీతలుగా మారతాయి. కెమెరా అడ్డంగా తిరిగినప్పుడు ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము నీడ పడితే అది కూడా టేపు లక్షణమే.

నిడివి తేల్చడానికి మన దగ్గర అమెరికాలో లేని సాధనం ఉంది: సెన్సార్ సర్టిఫికెట్. ఫిల్మ్ రోజుల సర్టిఫికెట్ మీద నిడివి మీటర్లలో, రీళ్ల సంఖ్యతో సహా ఉంటుంది. పాత వీడియోల్లో సినిమా మొదలయ్యే ముందు అది కనపడుతుంది, అక్కడ ఆపి చదువుకోండి. నిమిషానికి 27.43 మీటర్లు. 4,000 మీటర్లంటే 145.8, అంటే 2 గంటల 26 నిమిషాలు. థియేటర్లో పడేది 2 గంటల 10 నిమిషాలైతే పావుగంట ఎక్కడికి పోయిందో అడిగే హక్కు టికెట్టు కొన్నవాళ్లకు ఉంది. ఒక జాగ్రత్త. మన టీవీలు వాడిన పాల్ పద్ధతి టేపు, వీసీడీ, డీవీడీల్లో సినిమా సెకనుకి 25 ఫ్రేముల చొప్పున పరుగెడుతుంది. ఆ 146 నిమిషాల సినిమా ఏ కోతా లేకుండానే అక్కడ 140 నిమిషాలు చూపిస్తుంది, పాటల శ్రుతి కూడా కొంచెం పైకి ఉంటుంది. కాబట్టి డిస్కు నిడివితో పోల్చి కోత పెట్టారని గొడవ చేయకండి, మీటర్లతోనే పోల్చండి.

రీ-రిలీజ్ చేసేవాళ్లను నేను అడిగేది టైటిల్స్‌కి ముందు ఒక్క కార్డు. మూలం నెగెటివా, ప్రింటా, టేపా. అప్పటి నిడివి ఎంత, ఇప్పటిది ఎంత. అప్పటి చట్రం ఏది, ఇప్పటిది ఏది. శబ్దం మొదట మోనో అయితే 5.1 ఎప్పుడు చేశారు, మోనో ఎక్కడ దొరుకుతుంది. పది సెకన్ల పని. టైమ్ మెషీన్ కథతో మన పిల్లలను ఊపేసిన 'ఆదిత్య 369' 1991 జూలై 18న వచ్చింది, 2025 ఏప్రిల్ 4న 4కెలో మళ్లీ వచ్చింది. అంత ప్రేమగా చూసుకునే సినిమాలకే ముందు ఈ కార్డు ఉండాలి, ఎందుకంటే ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని మళ్లీ బాగుచేసేవాళ్లకు అదే మొదటి ఆధారం.

కార్డు రాయాలంటే ముందు డబ్బాలు బతికుండాలి. హైదరాబాద్‌లో ల్యాబులు ఫిల్మ్ పని ఆపేశాక చాలా నెగెటివ్‌లు, ప్రింట్లు ఇళ్లకూ గోడౌన్లకూ చేరాయి. ఇంట్లో అలాంటి డబ్బా ఉన్నవాళ్లు ఈ వేసవి రాకముందే మూత తీయండి. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ బేస్ కుళ్లడం మొదలైనట్టు. ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగం చేస్తుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది, కాబట్టి దాన్ని వెంటనే వేరే గదిలో పెట్టాలి. ఎంత ముదిరిందో ఎ-డి స్ట్రిప్ అనే ఆమ్లం పసిగట్టే కాగితం ముక్క చెబుతుంది: డబ్బాలో ఒక రోజు ఉంచితే నీలం నుంచి ఆకుపచ్చకి, ముదిరితే పసుపుకి తిరుగుతుంది. నీలంగా ఉన్నవాటికి తొందర లేదు, పసుపు వచ్చినవి ముందు స్కానింగ్‌కి పోవాలి. తుప్పు పట్టిన ఇనుప డబ్బా మార్చి గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మేడ మీద రేకుల గది అసలు పనికిరాదు, కింది అంతస్తులో ఎండ తగలని గది మేలు. ఏసీ గదిలోంచి తీసిన డబ్బాను వెంటనే తెరవకండి, మూసే ఒక రోజు బయట ఉంచి గది వేడికి వచ్చాక తీయండి, లేకపోతే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది. కుంచించుకుపోయిన ఫిల్మ్‌ను ప్రొజెక్టర్‌లో వేసి చూడాలన్న సరదా వద్దు: ఒక్క శాతం కుంచించుకుపోయినా పళ్లచక్రం రంధ్రాలను చీల్చేయొచ్చు. చేత్తో తిప్పే రీవైండర్ మీద, నూలు గ్లవ్స్‌తో, రీలు మొదట్లో అతికించే ఖాళీ ఫిల్మ్ ముక్క, అంటే లీడర్ మీది రాతలు మాత్రం చదివి పుస్తకంలో ఎక్కించండి: సినిమా పేరు, రీలు నంబరు, ల్యాబు పేరు, నెగెటివా ప్రింటా, సౌండా పిక్చరా. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్‌లో పెట్టిన శిక్షణలో ఫిల్మ్ తనిఖీ, మరమ్మతు నేర్పారు, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారు. లీడర్ మీద పేరు లేని రీలు దొరికినా పారేయకండి. సౌండ్ నెగెటివ్ ఒక్కటే మిగిలినా, పోయిన పాటలు ఎన్ని సెకన్లో, ఏ వరసలో ఉన్నాయో దానివల్ల తేలుతుంది.